మూడు నెలలు వచ్చిన ట్యూబు

"నమస్కారమండి సిస్టర్ గారూ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకు నాలుగేళ్ళు. ఏడో నెలలో బుగ్గల మీద ఎర్రగా మొదలైంది. ఇప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం నల్లబడి మందంగా అయిపోయింది. రాత్రిళ్ళు రక్తం వచ్చేలా గోక్కుంటోంది. చర్మం డాక్టరు గారు ఎగ్జిమా అన్నారు. ఒక ట్యూబు, ఒక తేమ క్రీము రాశారు. రాస్తే తగ్గుతోంది, ఆపితే మళ్ళీ వస్తోంది. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఆయనకు చిన్నప్పుడు ఆయాసం ఉండేదట. అది స్టెరాయిడ్, రాయొద్దు అని ఫోన్లో అంటారు. నేను భయపడుతూ కొంచెం కొంచెం రాస్తున్నాను, 15 గ్రాముల ట్యూబు మూడు నెలలు వచ్చింది. మధ్యలో మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే నాలుగు రోజులు బాగుంది, తర్వాత రెండింతలైంది. మా అత్తగారు నాగదోషం అంటున్నారు. వంకాయ, గుడ్డు, చేప మాన్పించేశారు. నా పాల వల్లే వచ్చిందేమో అని కూడా అన్నారు. అంగన్‌వాడీలో మా పాప పక్కన తమ పిల్లల్ని కూర్చోబెట్టొద్దని కొందరు తల్లులు చెప్పారట. మాఘమాసంలో మా తమ్ముడి పెళ్ళి. పాపకు పట్టులంగా కట్టొచ్చో లేదో కూడా తెలియడం లేదు. పేరు వేయకండి."

అమ్మా,

ముందు మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మాటకు జవాబు చెబుతాను. మిగతా అన్నిటికన్నా అదే మిమ్మల్ని ఎక్కువ కోస్తోందని నాకు అర్థమైంది. మీ పాల వల్ల పాపకు ఇది రాలేదు. మీరు తిన్నదాని వల్లా రాలేదు. శుభ్రం లేక అంతకన్నా రాలేదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి చర్మం పైపొర పుట్టుకతోనే కాస్త బలహీనంగా ఉంటుంది. ఆ పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో జన్యువుల వల్లే తక్కువగా తయారవుతుందని 2006లో తేలింది. ఉబ్బసం, తుమ్ములతో ముక్కు కారే ఎలర్జీ, ఈ ఎగ్జిమా, మూడూ ఒకే కుటుంబంలో తిరుగుతుంటాయి. మీ ఆయనకు చిన్నప్పుడు ఆయాసం ఉండేదన్నారు కదా, అదీ ఈ తీగలోదే కావచ్చు. అలాగని తప్పు ఆయన మీదకు తోయమని కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మీది వరి పండే ఊరు కాబట్టి ఇలా చెబుతాను. చేను గట్టుకు పీతలు బొక్కలు పెడితే పెట్టిన నీళ్ళు పెట్టినట్టే పోతాయి, చేను నెర్రెలిస్తుంది. పాప చర్మం అలాంటి గట్టు. లోపలి తేమ నిలవదు. బయటి నుంచి సబ్బు, చెమట, దుమ్ము, సూక్ష్మజీవులు సులువుగా లోపలికి పోతాయి. దాంతో చర్మం రేగుతుంది, దురద పుడుతుంది. గోకితే గట్టు ఇంకా తెగుతుంది. మీరు రోజూ చేయాల్సిన పని ఆ బొక్కలు పూడ్చడమే. ట్యూబు మంట ఆర్పుతుంది, తేమ క్రీము గట్టు వేస్తుంది. రెండిటి పనీ వేరు. ఒకటి రాశాం కదా అని రెండోది మానకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నేను పెన్నుతో గీత గీసుకున్న వాక్యం ఒకటుంది. 15 గ్రాముల ట్యూబు మూడు నెలలు వచ్చిందన్న వాక్యం. జబ్బు ఎందుకు తిరగబెడుతోందో అందులోనే ఉంది.

నేను పిల్లల వార్డులో కొత్తగా చేరిన రోజుల్లో స్టెరాయిడ్ ట్యూబు ఇచ్చే ప్రతి తల్లికీ "జాగ్రత్తమ్మా, పల్చగా రాయి" అని చెప్పేదాన్ని. పాపలాంటి పిల్లాడు ఒకడు రెండు నెలల్లో మూడుసార్లు వచ్చాడు. మందు పనిచేయడం లేదని వాళ్ళమ్మ ఏడ్చింది. మా పెద్ద సిస్టర్ ఆవిడను మందలించలేదు. "ఎలా రాస్తున్నావో నాకు చూపించమ్మా" అంది. ఆ తల్లి ట్యూబు మూత తీసి, వేలి కొసకు ఆవగింజంత తీసుకుని, పిల్లాడి మోచేతి మీద ఒక్కో మచ్చకు ఒక్కో చుక్క, బొట్టు పెట్టినట్టు పెట్టింది. అంత భక్తిగా పెట్టింది. ఆవిడ చేతికి ఆ భయం నా నోటి నుంచే వెళ్ళింది. ఆ రోజు నుంచి నేను "పల్చగా" అన్న మాట మానేశాను. తల్లి చూపుడువేలు పట్టుకుని దాని మీదే కొలిచి చూపించడం మొదలుపెట్టాను.

మీరూ ఇప్పుడు మీ చూపుడువేలు చూసుకోండి. వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబు నొక్కితే ఎంత గీత పడుతుందో అది ఒక కొలత. మామూలు ట్యూబు మూతికి అది దాదాపు అర గ్రాము. అంత మందు మీ రెండు అరచేతులు, వేళ్ళతో సహా, ఎంత మేర కప్పుతాయో అంత చర్మానికి సరిపోతుంది. పాప మోచేతి మడత ఒక్కోదానికి సగం కొలత, మోకాలి వెనక ఒక్కోదానికి సగం కొలత అనుకుందాం. మొత్తం రెండు కొలతలు, అంటే ఒక గ్రాము. రోజుకు ఒకసారి రాస్తే 15 గ్రాముల ట్యూబు రెండు వారాలకు అయిపోవాలి. మీకు మూడు నెలలు వచ్చింది. పాప చర్మం మంట పూర్తిగా ఆరేంత మందు ఒక్కరోజు కూడా అందలేదన్నమాట. మీరు భయపడి తక్కువ రాశారు, తక్కువ రాసినందువల్ల నెలల తరబడి రాయాల్సి వచ్చింది.

మీ ఆయన భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని కొట్టిపారేయను. స్టెరాయిడ్ ట్యూబుల్లో తేలికైనవి ఉంటాయి, చాలా ఘాటైనవి ఉంటాయి. హైడ్రోకార్టిసోన్ లాంటిది తేలిక. క్లోబెటసాల్ అన్నిటికన్నా ఘాటైన వాటిలో ఒకటి. ఘాటైన ట్యూబును ముఖానికో, కనురెప్పలకో, గజ్జల్లోనో, చంకల్లోనో వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనబడి, చారలు పడతాయి. చిన్నపిల్లల్లో ఒళ్ళంతా రాస్తే లోపలికీ ఇంకుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగితే చేతిలో పెట్టే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులతోనే మన ఊళ్ళలో ఎక్కువమంది చర్మం పాడవుతోంది. ఆ ట్యూబులు ఇంట్లో ఉంటే తీసి పారేయండి, పక్కింటివాళ్ళు ప్రేమగా ఇచ్చినా సరే. మీ డాక్టరు గారు పాప వయసు చూసి, రాయాల్సిన చోటు చూసి రాసిన ట్యూబు వేరు. చెప్పినచోట, చెప్పినన్ని రోజులు, సరైన కొలతలో రాస్తే భయపడాల్సింది లేదు. మోచేతికి ఇచ్చినదాన్ని ముఖానికి మాత్రం మీ అంతట మీరు రాయకండి, ముఖానికి వేరే ఇస్తారు.

ఆ నల్లటి మచ్చలు ట్యూబు వల్ల వచ్చాయని చాలామంది అనుకుంటారు. మన చర్మంలో మంట వచ్చి తగ్గిన చోట నలుపు, కొందరిలో తెలుపు, మిగులుతుంది. జబ్బు ఆరి నిలకడగా ఉంటే నెలల్లో మెల్లగా కలిసిపోతుంది.

ఎప్పుడు ఆపాలి? ఎరుపు తగ్గగానే ఆపేస్తున్నారు మీరు. మన రంగు చర్మంలో ఎరుపు సరిగ్గా కనబడదు, కళ్ళను నమ్ముకోకండి. కళ్ళు మూసుకుని మూడు వేళ్ళతో పాప మోచేతి మడత తడమండి, తర్వాత భుజం పక్కన బాగున్న చర్మం తడమండి. రెండూ ఒకేలా మెత్తగా తగిలినప్పుడు రోజూ రాయడం ఆపొచ్చు. గరుకు తగిలితే మంట ఇంకా లోపల ఉన్నట్టే. మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే పిల్లలకు, చర్మం బాగయ్యాక కూడా మామూలుగా వచ్చే చోట్ల వారానికి రెండు రోజులు రాయమని డాక్టర్లు చెబుతుంటారు. మీ పాపకు అలా చేయాలేమో ఈసారి వెళ్ళినప్పుడు అడగండి. ఇప్పటిదాకా ఎంత రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచకండి. మీరు సరిగ్గా రాస్తున్నారనుకుని ఇంకా ఘాటైన మందు రాసేస్తే నష్టం పాపకే.

తేమ క్రీము విషయంలో మీరు ఏమీ రాయలేదు, కాబట్టి అదీ పొదుపుగానే వాడుతున్నారని అనుకుంటున్నాను. నాలుగేళ్ళ పిల్లకు వారానికి 200 గ్రాములకు పైనే పట్టొచ్చు. అంత ఖరీదు ఎక్కడ పెడతాం అంటారు. నిజమే. షాపులో పరిమళం వేసి, బొమ్మలు వేసి అమ్మే పిల్లల లోషన్లకు డబ్బు పెట్టొద్దు. మీ ఆయన అక్కడి నుంచి ఏవైనా సువాసన లోషన్లు పంపితే అవి మీరు రాసుకోండి. పాపకు వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ పెద్ద డబ్బా చాలు. దాంట్లో లిక్విడ్ పారాఫిన్ సగానికి సగం కలిసి వచ్చేదైతే ఇంకా సులువుగా సాగుతుంది. ఇప్పుడు ధనుర్మాసం చలిలో అది హాయిగానే ఉంటుంది. ఏప్రిల్, మే ఉక్కలో మాత్రం ఆ జిడ్డు కింద చెమట పట్టి పొక్కులు రావచ్చు. అప్పుడు పగలు పల్చటి క్రీము, రాత్రి జెల్లీ రాయండి.

మన కోనసీమలో ఇంటింటా ఉండే కొబ్బరినూనె సంగతి కూడా అడుగుతారని తెలుసు. గానుగలో ఆడించిన, ఏమీ కలపని కొబ్బరినూనె ఎగ్జిమా పిల్లలకు కొంత మేలు చేస్తుంది. రాయండి, తప్పులేదు. కానీ జెల్లీ నిలిపినంతసేపు అది తేమను నిలపదు, కాబట్టి దాని బదులుగా వాడొద్దు. చలికి పేరుకున్న నూనెను గట్టిగా రుద్దకుండా అరచేతుల్లో కరిగించి రాయండి. ఆవనూనె, ఆలివ్ నూనె వద్దు. వేరుశనగ నూనె అసలు వద్దు. తెగిన చర్మం మీద వేరుశనగ లాంటి తిండి పదార్థాలు రాస్తే ఒంటికి వాటి మీదే ఎలర్జీ పుట్టే అవకాశం ఉంది.

డబ్బాలో చెయ్యి పెట్టకండి. కడిగి ఆరబెట్టిన చెంచాతో తీసి ఒక చిన్న గిన్నెలో వేసుకోండి. గోళ్ళలోని సూక్ష్మజీవులు డబ్బాలో దిగితే రోజూ పాపకు మనమే పూసినట్టవుతుంది. రుద్దకుండా, వెంట్రుకలు వాలిన వైపుకే, పై నుంచి కిందికి నిమరండి. రోజుకు మూడు సార్లు, ఎండినట్టు అనిపిస్తే నాలుగు సార్లు. ట్యూబుకూ జెల్లీకీ మధ్య కనీసం పావుగంట తేడా ఉంచండి. ఇంకో మాట. జెల్లీ, పారాఫిన్ ఇంకిన బట్ట నిప్పు తగిలితే గబుక్కున అంటుకుంటుంది. ఎంత ఉతికినా కొంత మిగిలే ఉంటుంది. పాపను గ్యాస్ పొయ్యికీ దీపారాధనకూ దూరంగా ఉంచండి. వచ్చే భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గరికి మాత్రం ఎత్తుకుని వెళ్ళకండి, అరుగు మీది నుంచి చూపించండి.

భోగి అన్నాను కాబట్టి నలుగు సంగతి. సున్నిపిండితో రుద్ది రుద్ది స్నానం చేయిస్తేనే మురికి పోయి జబ్బు తగ్గుతుందని మన పెద్దవాళ్ళ నమ్మకం. వాళ్ళు ప్రేమతోనే చేస్తారు. కానీ తెగిన గట్టును పారతో గీకినట్టే అది. ఈ ఏడాది పాపకు నలుగు వద్దు. భోగిపళ్ళు పోయండి, ఐదేళ్ళ లోపు పిల్ల కదా, ఆ ముచ్చట ఎందుకు మానాలి! పోశాక పూలరేకులు మెడ మడతల్లో, జాకెట్టులో ఉండిపోకుండా దులిపేయండి.

స్నానం రోజూ చేయించొచ్చు. మోచెయ్యి ముంచితే వేడిగా అనిపించని గోరువెచ్చటి నీళ్ళు, ఐదు నుంచి పది నిమిషాలు. వేణ్ణీళ్ళు పోస్తే ఆ కాసేపు దురద తీరినట్టుంటుంది, గంటలో రెట్టింపవుతుంది. సబ్బు నురగ ఎక్కువ వచ్చేదైతే చర్మాన్ని ఎండబెడుతుంది. డాక్టరు గారు చెప్పిన సబ్బులేని క్లెన్సర్ వాడండి, లేదంటే చంకలు, గజ్జలు, పాదాలకు మాత్రం సబ్బు పెట్టి మిగతా ఒళ్ళు నీళ్ళతోనే కడగండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కాలువలు కట్టేసిన రోజుల్లో మరీను. మీకూ అలాగైతే ఆఖరి రెండు చెంబులైనా తాగడానికి తెచ్చుకున్న మంచి నీళ్ళు పోయండి. తువ్వాలుతో రుద్దొద్దు, మెత్తటి పాత పంచెతో అద్దండి. ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు, జెల్లీ రాసేయాలి. గిన్నె ముందే సిద్ధం చేసుకుని స్నానాలగదిలోకి వెళ్ళండి. పాపను చాప మీద కూర్చోబెట్టి డబ్బా ఎక్కడుందా అని వెతికేలోపే ఆ తేమ ఆరిపోతుంది. నేల మీద జెల్లీ పడితే కాలు జారుతుంది, తుడిచేయండి.

రాత్రిళ్ళ గురించి. మీరూ సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళైందో ఊహించగలను. వార్డులో తెల్లవార్లూ పిల్లాడి రెండు చేతులూ తన గుప్పిట్లో పట్టుకుని, అలాగే కూర్చుని కునుకు తీసిన తండ్రిని చూశాను. గోకొద్దు అని పాపను అదిలించకండి. ఆకలేసినవాణ్ణి ఆకలి వెయ్యనీకు అన్నట్టుంటుంది. ఆ మాట వినీ వినీ పిల్లలు దుప్పటి కింద దాక్కుని గోక్కుంటారు. దురద మొదలవగానే చల్లటి నీళ్ళలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ అక్కడ వేసి అరచేత్తో నొక్కి పట్టుకోండి. తర్వాత మళ్ళీ జెల్లీ. పాప చేతికి ఏదైనా పని ఇవ్వండి. తన బొమ్మకు తనే జెల్లీ రాయాలి, మీరు పాపకు రాస్తున్నంతసేపూ. గోళ్ళు వారానికి రెండుసార్లు తీసి, అంచులు అరగదీయండి. పడుకునేటప్పుడు చేతులకు పల్చటి నూలు తొడుగులు వేయండి, ఉన్ని వద్దు. నిద్ర మందు సిరప్పులు దురదను పెద్దగా తగ్గించవు, మత్తుగా పడుకోబెడతాయంతే. డాక్టరు చెప్పిన కొద్దిరోజులకు మించి వాడకండి.

మరీ ఎక్కువైన రాత్రుల కోసం తడి కట్టు ఒకటుంది. డాక్టరు గారిని అడిగి, వారు సరే అంటేనే చేయాలి. చీము, రసి ఉంటే చేయకూడదు. జెల్లీ దట్టంగా రాసి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన నూలు బనీను, దాని మీద పొడి బనీను వేస్తాం. మోచేతులకు, మోకాళ్ళకు నూలు మేజోళ్ళ ముందు భాగం కత్తిరించి తొడుగుతాం. ఫ్యాను నేరుగా తగలకూడదు, పాపకు చలి వేయకూడదు. మొదటి రాత్రే పిల్ల నిద్రపోవడం చూసి తల్లులు ఏడవడం నేను ఎన్నోసార్లు చూశాను.

వంకాయ, గుడ్డు, చేప మాన్పించారని రాశారు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకు చేప లేదా! అత్తగారి మీద కోపం వద్దు, మన వైపు దురద అనగానే ముందు వంకాయనే అంటారు. కానీ ఎగ్జిమా పిల్లల్లో తిండి వల్ల పెరిగేవాళ్ళు కొందరే. ఏదైనా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు లేవడం, పెదవులు వాయడం, వాంతులు అయితే ఆ పదార్థం ఆపి డాక్టరుకు చూపించాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. అలాంటిదేమీ జరగలేదంటే తిండి ఆపడానికి కారణం లేదు. ఎదిగే పిల్లకు గుడ్డు, చేప, పాలు మాన్పిస్తే చర్మం మానడానికి కావలసిన బలమే తగ్గుతుంది. చాలా నెలలుగా పెట్టకపోతే మాత్రం మళ్ళీ మొదలుపెట్టే ముందు డాక్టరును ఒక మాట అడగండి. టీకాలు అన్నీ వేయించండి, ఎగ్జిమా అడ్డు కాదు.

నాగదోషం. పుట్టలో పాలు పోయండి, సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోండి. అది మీ ఇంటి భక్తి, అందులో నేను వేలు పెట్టను. పుట్టమన్ను మాత్రం పాప ఒంటికి పూయకండి. తెగిన చర్మంలోకి మట్టి పోతే చీము పడుతుంది. అత్తగారికి ఇంకో పని అప్పగించండి. మధ్యాహ్నం పూట జెల్లీ రాసే బాధ్యత ఆవిడది. వెనకాల నిలబడి తప్పులు పట్టకుండా, ఒకసారి ఆవిడ చెయ్యి పట్టుకుని నేర్పండి. వారం తర్వాత చర్మం మెత్తబడడం ఆవిడ తన చేతులతోనే తెలుసుకుంటారు. మీరు పది మాటలు చెప్పినదానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

చీము అన్నాను కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. మచ్చల మీద తేనె రంగులో పెచ్చులు కట్టినా, రసి కారినా, వేడిగా వాచినా, ఒకటి రెండు రోజుల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఉన్నట్టుండి ఒకే సైజు నీటిపొక్కులు గుంపుగా లేచి, పగిలి, గుంటలు పడి, నొప్పి, జ్వరం వస్తే మర్నాటి దాకా ఆగొద్దు. అది హెర్పిస్, అంటే పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ కావచ్చు. కళ్ళ దగ్గర వస్తే చూపుకే ప్రమాదం. పెదవి మీద పొక్కులు వచ్చినవాళ్ళను, ఎంత దగ్గరి చుట్టాలైనా, పాపను ముద్దు పెట్టుకోనివ్వకండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం, పిల్లల విభాగం రెండూ ఉన్నాయి. దూరమే అయినా ఇలాంటప్పుడు వెళ్ళాల్సిందే.

అంగన్‌వాడీ సంగతికి వస్తే నాకు నిజంగా బాధగా ఉంది. ఎగ్జిమా అంటుకోదు. పక్కన కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, చెయ్యి పట్టుకున్నా రాదు. మన భాషలో గజ్జి, తామర అనే రెండు మాటలతోనే అన్ని దురదల్నీ పిలిచేయడం వల్ల ఈ ఇబ్బంది వస్తోంది. గజ్జి అంటుకుంటుంది, అది చర్మంలో తొలుచుకునే పురుగు వల్ల వస్తుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ దురద, రాత్రిళ్ళు ఎక్కువ, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటుంది. దానికి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు రాసుకోవాలి. తామర ఫంగస్ వల్ల, గుండ్రంగా, అంచు పైకి లేచి, మధ్యలో తేలికగా ఉంటుంది. ఎగ్జిమా మీద స్టెరాయిడ్ సరిగ్గా పనిచేస్తుంది, తామర మీద అదే రాస్తే ఫంగస్ లోలోపల పాకిపోతుంది. అందుకే ఏది ఏదో డాక్టరు చూడాలి. మీ ఇంట్లో మరెవరికైనా రాత్రి దురద మొదలైతే అది కూడా వెంటనే చెప్పండి, ఎగ్జిమా ఉన్న పిల్లకు గజ్జి రాకూడదని లేదు.

ఇది ఎగ్జిమా, అంటువ్యాధి కాదు అని డాక్టరు గారి చేత రెండు వాక్యాల చీటీ తెలుగులో రాయించుకుని టీచరు గారికి ఇవ్వండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీ పిల్లలను చూడడానికి ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాలి. వాళ్ళు చూసే జబ్బుల జాబితాలో ఎగ్జిమా ఉంది. బృందం వచ్చిన రోజు మీరూ అక్కడ ఉండి, ఆ డాక్టరు చేతే మిగతా తల్లుల ముందు చెప్పించండి. టీచరు గారికి ఒక చిన్న డబ్బా జెల్లీ ఇవ్వండి, ఆటలయ్యాక చేతులు కడిగినప్పుడు రాసేలా.

ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్ ఇంకోసారి వద్దు. అందులో ఏముందో అడగండి, చెప్పించుకుని కాగితం మీద రాసుకోండి. అలా నాలుగు రోజులు మాయమై తర్వాత రెట్టింపు కావడం స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీరు. అది స్టెరాయిడే అయితే, మీ ఆయన భయపడాల్సింది మీ ట్యూబుకు కాదని ఆయనకు చెప్పండి. ఈ సమాధానం ఫొటో తీసి ఆయనకు పంపండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోబెట్టండి. అంత దూరంలో ఉన్న తండ్రికి ఫోన్లో కనబడే రక్తపు గీతలు ఎంత టెన్షన్ పెడతాయో కూడా ఆలోచించాలి.

తగ్గుతుందా అని మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారేమో. చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది, కొందరిలో పెద్దయ్యాక కూడా వచ్చిపోతుంటుంది. మీ పాప ఏ దారిలో వెళ్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. అదుపులో పెట్టుకుని, రాత్రి నిద్రపోయి, పగలు ఆడుకునేలా చేయడం మాత్రం చాలామంది విషయంలో సాధ్యం. నేను చూశాను.

పట్టులంగా. తప్పకుండా కట్టండి. లోపల మెత్తటి పాత నూలు లోపావడా, జాకెట్టుకు చేతుల చివరి దాకా నూలు లైనింగు వేయించండి. జరీ అంచు మోచేతి మడతకు, మెడకు తగలకుండా కుట్టమని దర్జీకి ముందే చెప్పండి. కొత్త నూలు బట్టలు రెండుసార్లు ఉతికి జాడించాకే వేయండి. పెళ్ళి రోజు స్నానమవగానే మామూలుగా జెల్లీ రాసి, అరగంట ఆగి, అది ఇంకాక కట్టండి, లేకపోతే పట్టుకు జిడ్డు మరక పడుతుంది. ఆ జిడ్డు ఒంటితో హోమగుండం దగ్గర మాత్రం కూర్చోబెట్టకండి. తలంబ్రాలు, ఫొటోలు అయిపోగానే మార్చేయడానికి ఒక నూలు గౌను సంచిలో పెట్టుకోండి, పక్కనే జెల్లీ డబ్బా, ఒక చెంచా.